పల్నాట కష్టం ముందు ఎవరి ఒంటి నుంచి దిగింది?

నాగార్జునసాగర్ నీళ్లొచ్చాయి, ట్రాక్టర్లొచ్చాయి, మోటారు సైకిళ్లొచ్చాయి, జనానికి ఒళ్లు వంచే అలవాటు పోయింది, అందుకే ఇంటికొక షుగరూ బీపీ తయారయ్యాయి. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఏ ఊళ్లో ఆరోగ్యం మాట వచ్చినా వినిపించే కథ ఇదే. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఒక సీమంతా ఒకేసారి, ఒకే తీరున చతికిలబడ్డట్టు చెప్పడంలో అసలు చరిత్ర మరుగున పడిపోతోంది. పల్నాట ఒంటికష్టం వరుసలో దిగింది. భూమి ఉన్నవాళ్ల ఒంటి నుంచి ముందు, లేనివాళ్ల ఒంటి నుంచి చాలా ఆలస్యంగా, కొందరి ఒంటి నుంచి ఈనాటికీ దిగకుండా. దిగిన చోట దాని స్థానంలో ఒంటిని కదిలించే కొత్త ఆచారమేదీ రాలేదు. ఆడవాళ్లకైతే బొత్తిగా రాలేదు. 2022 నాటి పరిస్థితి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో వెలువరించిన అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. ప్రపంచం మొత్తం మీద ఆ లెక్క 31 శాతమే. చాలినంత అంటే పెద్ద లెక్కేమీ కాదు. వారానికి 150 నిమిషాలు చురుకైన నడకలాంటి శ్రమ, లేదా 75 నిమిషాలు గట్టి శ్రమ. ఆ మాత్రం లేనివాళ్లు మగవాళ్లలో 42 శాతం ఉంటే ఆడవాళ్లలో 57 శాతం ఉన్నారు. పొద్దున లేచింది మొదలు పని తెమలని ఆడవాళ్లలోనే ఈ లోటు ఎక్కువెందుకుందో ఆ అంకెలు చెప్పవు. పల్నాటి చరిత్ర కొంత చెబుతుంది.

సాగర్‌కు ముందు పల్నాడు మెట్టసీమ. ఉత్తరపు అంచున కృష్ణ పారుతున్నా నది లోతున ఉంది, చేలు ఎత్తున ఉన్నాయి. ఇటు నల్లరేగడి, అటు నాపరాయి, నడుమ జొన్నచేలు. ఇక్కడి జొన్నకూడునూ, రాళ్లనూ, నీటి ఎద్దడినీ విసుక్కునే చాటువులు శ్రీనాథుడి పేరు మీద నేటికీ జనం నోట ఉన్నాయి. ఆ జొన్నను కూడుగా మార్చడానికి పట్టే శ్రమ మాత్రం ఏ చాటువుకీ ఎక్కలేదు. గింజలకు కాస్త తడి చూపి రోట్లో పోస్తారు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు పోటు వేస్తే పైపొట్టు ఊడుతుంది. చేటలో చెరగాలి, మళ్లీ దంచాలి, జల్లించాలి, నూకా పిండీ వేరు చేయాలి. అప్పటికి గానీ ఎసట్లో పడదు. దంచిన జొన్న ఎక్కువ రోజులు నిలవ ఉండదు కాబట్టి ఒకసారి చేసి చేతులు దులుపుకునే పనీ కాదు. భుజం, నడుం, పిక్కలు అన్నీ పనిచేయాల్సిందే. దీనికి తోడు దిగుడుబావి నుంచి నీళ్ల బిందెలు, అడవి నుంచి కట్టెల మోపులు. మగవాళ్ల వంతుకు గుంటక, గొర్రు, బావి దగ్గర మోట, గొడ్ల వెంట మైళ్లకు మైళ్లు నడక. అడవిలోకి ఆ నడక ఎంత తప్పనిసరి బతుకో 1921-22 నాటి పుల్లరి పోరాటం చెబుతుంది. గొడ్డు మేసినందుకు పన్ను కట్టమంటే మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు ఎదురు తిరిగాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు ప్రాణమిచ్చాడు. నలమల అంచు పల్లెలకు అడవికి వెళ్లిరావడం ఆరోగ్యం కోసం చేసే పని కాదు, అది లేకపోతే పొయ్యి వెలగదు, పాడి నిలవదు.

ఆ రోజుల్లో కూడా కూర్చున్నవాళ్లు లేకపోలేదు. కరణం, వడ్డీ వ్యాపారి, పెద్ద కామతగాడు అరుగు మీద కూర్చునే పొద్దు గడిపేవాళ్లు. మిగతావాళ్లు వాళ్ల ముందు నిలబడి మాట్లాడేవాళ్లు. కూర్చోవడమంటే హోదా. ఎండన పడకుండా, మట్టి అంటకుండా బతకడమే ప్రతి కష్టజీవీ తన బిడ్డకు కోరుకున్న వరం. ఈ సంగతి మరిచిపోతే తర్వాత జరిగిందేదీ మనకు అర్థం కాదు. కష్టం తగ్గినప్పుడు జనం సోమరులై దాన్ని వదిలేయలేదు. తరాల తరబడి కోరుకున్నది చేతికందితే అందుకున్నారు, అంతే. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక్కడ ఒక మాట అడ్డం వస్తుంది. ఆ కష్టంలోనే ఆరోగ్యం ఉండేది కదా, జొన్నకూడు తిని నూరేళ్లు బతికేవాళ్లు కదా అంటారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉంది. పసిబిడ్డల మరణాలే ఆ సగటును అంతగా కిందికి లాగాయన్నది నిజమే. కానీ గండాలు గడిచి పెద్దవాళ్లైన వారినీ మలేరియా, క్షయ, కలరా, పురిటి కష్టాలు వదిలిపెట్టలేదు. నూరేళ్లు బతికిన ముసలాయన ఊరందరికీ గుర్తుంటాడు, ముప్పై ఏళ్లకే పోయినవాళ్లు ఎవరికీ గుర్తుండరు. కోటప్పకొండ స్థలపురాణంలో గొల్లభామ ఆనందవల్లి కథ ఉంది. రోజూ కొండెక్కి స్వామిని సేవించే ఆమె, గర్భవతి అయ్యాక ఎక్కలేక, నువ్వే దిగి రమ్మని స్వామిని వేడుకుంటుంది. భక్తి కథగానే దాన్ని చెప్పుకుంటారు, అలా చెప్పుకోవడమూ న్యాయమే. అయితే నిండు నెలల్లోనూ ఎక్కీ దిగీ మోసీ అలసిపోయిన ఆడదాని మొర ఒకటి అందులో స్పష్టంగా వినిపిస్తుంది. పాత కష్టాన్ని తిరిగి తెచ్చుకుందామనే వాళ్లు ఆ మొరను ఒకసారి చెవిన పెట్టాలి.

కష్టాన్ని తీర్చిన సాగర్‌ను కట్టింది కూడా కష్టమే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ వంటివారు పట్టుబట్టి సాధించిన ప్రాజెక్టు అది. సిమెంటు, ఉక్కు, విదేశీ యంత్రాలు కొరతగా ఉన్న కాలం. పని కావలసిన చేతులేమో లక్షల్లో ఉన్నాయి. అందుకే కాంక్రీటుకు బదులు రాతికట్టడాన్ని ఎంచుకున్నారు. 124 మీటర్ల ఎత్తు గోడ. కర్రలతో కట్టిన ఏటవాలు దారుల మీద మగవాళ్లు బండరాళ్లను కావళ్లకు కట్టి మోసుకెళ్లారు, ఆడవాళ్లు తట్టల్లో సిమెంటు అడుసును నెత్తిన పెట్టుకుని ఎక్కారు. పాలమూరు నుంచి, కోస్తా మెట్టపల్లెల నుంచి వేలమంది వచ్చి ఏళ్ల తరబడి అక్కడే గుడిసెలు వేసుకుని బతికారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ పల్నాటి మీదుగా పారింది. పారిన వెంటనే ఎవరైనా కూర్చున్నారా అంటే లేదు, నీళ్లు మొదట పనిని పెంచాయి. మెట్టకాలంలో ఏడాదిలో కొన్ని నెలలు చేను ఖాళీగా ఉండేది, ఒళ్లూ ఖాళీగా ఉండేది. వరి వచ్చాక నారు, నాట్లు, కలుపు, కోత, నూర్పిడి. ఆ తర్వాత పత్తి, మిరప. చదును చేయడానికీ, గట్లు వేయడానికీ, కాలువలు తీయడానికీ కూలీలు చాలని రోజులవి. నీళ్లొచ్చాయి కాబట్టి కష్టం పోయిందన్న కథ ఇక్కడే తప్పుతుంది. నీళ్లు తెచ్చింది డబ్బును. ఆ డబ్బుతో తమ వంతు కష్టాన్ని మరొకరికో యంత్రానికో అప్పజెప్పగలిగినవాళ్లు అప్పజెప్పారు.

అప్పజెప్పిన వరుసే ఈ చరిత్రకు కీలకం. తొలుత పోయింది రోకలి. పిండిమర, బియ్యం మిల్లు దాన్ని మూలన పెట్టించాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పేదింట్లోనూ జొన్న దంచే అవసరం తీరింది. ఆడవాళ్లకు అది నిజమైన విముక్తి. కానీ ఆ తీరిక అందరికీ ఒకలాగా దక్కలేదు. కూలి కుటుంబాల ఆడవాళ్లు రోటి దగ్గర మిగిలిన పొద్దును నాట్లలో, కలుపులో, మిరప కోతల్లో గడిపారు. భూమి ఉన్న కుటుంబాల్లో నాలుగు డబ్బులు చేరగానే ఆడవాళ్లను పొలం మాన్పించారు. ఇంటి ఆడది చేలోకి వెళ్లకపోవడం పరువుకు గుర్తు. దంపుడు పోయింది, పొలం పోయింది, కుళాయి వచ్చి బిందె పోయింది, 1999లో దీపం పథకంతోనూ ఆ తర్వాతా గ్యాస్ వచ్చి కట్టెలమోపు పోయింది. అన్నీ పోవలసినవే. కానీ ఆ పనులతోపాటు గడప దాటడానికి ఉన్న కారణాలూ ఒక్కొక్కటిగా పోయాయి. మగవాడి సంగతి వేరు. ట్రాక్టరు వచ్చి నాగలి పోయినా, కరెంటు మోటారు వచ్చి మోట పోయినా, మోటారు సైకిలు వచ్చి నడక పోయినా బజారుంది, టీకొట్టుంది, మార్కెట్ యార్డుంది. కాళ్లకు పని తగ్గినా బయటికి వెళ్లే హక్కు పోలేదు. దేశం లెక్కల్లో కనిపించే ఆ 57కూ 42కూ నడుమ ఉన్న తేడాకు పల్నాటి పల్లెల్లో ఒక కారణం ఇదేనని నా వాదన.

యంత్రం చేరని చోట ఎవరున్నారో చూస్తే ఈ వరుస ఇంకా స్పష్టమవుతుంది. వరి కోతకు హార్వెస్టర్ వచ్చింది. మిరపకు రాలేదు. మిరపకాయ ఒక్కసారిగా పండదు, విడతలు విడతలుగా పండుతుంది. పండిన కాయను తొడిమతో సహా తెంచాలి, పచ్చికాయనూ పూతనూ వదలాలి, కొమ్మ విరగకూడదు. నడుం ఎత్తు కూడా లేని చెట్టు మీదికి వంగి, రెండు చేతులతో తెంచి, ఒడిలోనో సంచిలోనో వేసుకుంటూ సాలు చివరిదాకా పోవాలి. ఘాటుకు వేళ్లు మండుతాయి, ఆ చేయి పొరపాటున కంటికి తగిలితే ఆ పూటంతా నరకమే. కల్లంలో ఆరబోశాక తాలుకాయలు ఏరడానికి గంటల కొద్దీ గొంతుక్కూర్చోవాలి. ఈ పని చేసేది చాలావరకు దళిత, సుగాలీ, వెనకబడిన కులాల ఆడవాళ్లు; కోతల కాలంలో కర్నూలు పడమటి పల్లెల నుంచి పిల్లాపాపలతో వలస వచ్చే కుటుంబాలు. అంటే ఒకే ఊళ్లో, ఒకే బజారు వెంట, నాలుగడుగులు వేయడానికి వీలు దొరకని స్త్రీ ఒకరు, పొద్దంతా వంగిన నడుం ఎత్తడానికి వీలు దొరకని స్త్రీ ఒకరు.

అయితే ఆ రెండో ఆమెకు వ్యాయామం కావలసినంత ఉంది కదా, ఆమె ఆరోగ్యం బాగుండాలి కదా అనిపిస్తుంది. కదలికకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని తొలిసారి గట్టిగా నిరూపించినవారిలో జెర్రీ మోరిస్ ఒకరు. లండన్ రెండంతస్తుల బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే కూర్చుని నడిపే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువని ఆయన బృందం 1953లో చూపింది. పనిలోని శ్రమా మేలు చేస్తుందనడానికి అదే ఆధారం. కానీ అన్ని రకాల శ్రమకూ ఆ మాట వర్తించదని తర్వాత తేలుతూ వచ్చింది. డెన్మార్క్‌లో లక్షమందికి పైగా పెద్దవాళ్లను గమనించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో తీరిక వేళ చేసే శ్రమ గుండెజబ్బు ముప్పును తగ్గిస్తే, బతుకుతెరువు కోసం చేసే బరువు పని దాన్ని పెంచింది. బరువు పనులు చేసేవాళ్లు పేదలు కావడం, పొగతాగడం వంటివి ఇందులో కలిసిపోయి ఉండవచ్చునని వాదించే పండితులున్నారు; ఆ వాదన ఇంకా తెగలేదు. అయినా ఒకటి తేటతెల్లం. కండక్టరు మెట్లు ఎక్కుతాడు, దిగుతాడు, ఆగుతాడు. మిరప కోసే ఆమె గంటల తరబడి ఒకే వంపులో ఉంటుంది. విశ్రాంతి వేళను ఆమె నిర్ణయించదు, కూలి లెక్క నిర్ణయిస్తుంది. ఆమెకు కావలసింది ఇంకొంచెం నడక కాదు, నీడ, నీళ్లు, నడుం వాల్చే వేళ, గిట్టుబాటు కూలి. శారీరక శ్రమ గురించి ఊరందరికీ ఒకే ఉపదేశం చేసేవాళ్లు ఈ తేడా గమనించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మరొక ఆక్షేపణ తిండి వైపు నుంచి వస్తుంది. జబ్బులకు కారణం తెల్లన్నం, నూనె, పంచదార. కదలిక లేకపోవడాన్ని ఎందుకు నిందించడం అంటారు. నిజానికి ఈ రెంటినీ విడదీయలేం. జొన్న పోయి పాలిషు బియ్యం రావడం, రోకలి పోయి మిల్లు రావడం ఒకే మార్పుకు రెండు ముఖాలు. వాడకం లేని కండరం రక్తంలోని చక్కెరను సరిగ్గా పీల్చుకోదు. అన్నం పెరిగి నడక తరిగినప్పుడు నష్టం రెండు వైపుల నుంచీ పడుతుంది. దీని ఫలితం ఎలా ఉంటుందో పల్నాటికంటే వందేళ్లు ముందే కాలువలు చూసిన గోదావరి డెల్టా చూపించింది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన సీమ అది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో మరణాలకు కారణాలను లెక్కగడితే దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. ఆ జిల్లాల పల్లెల్లోనే ముప్పై ఏళ్లు దాటినవారిలో నూటికి సుమారు 13 మందికి షుగరు కనిపించింది. పల్లెటూరి గాలీ, పల్లెటూరి తిండీ గుండెను కాపాడతాయన్న భరోసా అక్కడే సడలింది. నీళ్లు ఆలస్యంగా అందిన పల్నాడు ఆ దారిలోనే నడుస్తోందని అనుకోవడానికి కారణాలున్నాయి. కుడి కాలువ కింద రెండో తరం ఇప్పుడు నడివయసులో ఉంది.

మరి ఇష్టపడి ఒళ్లు కదిలించే ఆచారం పల్నాటికి లేదా? ఉంది, చాలా పాతది కూడా. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో 1954-60 తవ్వకాల్లో అంచెలంచెల మెట్లతో క్రీడారంగం బయటపడింది. సాగర్ జలాశయంలో మునిగిపోకుండా అక్కడి కట్టడాలు కొన్నింటిని మాచర్ల దగ్గర అనుపుకు తరలించి తిరిగి నిలబెట్టారు, వాటిలో మెట్ల రంగస్థలమూ ఉంది. చెడుగుడు, కర్రసాము, గుండు ఎత్తడం ఊళ్లలో మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలకు ఆయుధాలు మోసుకుని దూరదూరాల నుంచి వస్తారు, వాటికి నాగులేటిలో స్నానం చేయిస్తారు. శివరాత్రికి ఊరి మగవాళ్లంతా కలిసి తాళ్లు పట్టి, తాటిచెట్లను మించిన ప్రభలను కోటప్పకొండకు నడిపిస్తారు. కానీ వీటిలో రెండు లోట్లున్నాయి. వీటిలో బలం చూపే వంతు దాదాపుగా కుర్రకారు మగవాళ్లది. పెళ్లై పిల్లలు పుట్టాక మగవాడు కూడా ఆడేవాళ్ల నుంచి చూసేవాళ్లలోకి జరుగుతాడు, ఆడవాళ్లు మొదటినుంచీ అక్కడే ఉన్నారు. రెండోది, ఇవి ఏడాదికొకసారి వచ్చిపోయేవి. గుండెకూ కండరానికీ ప్రతి వారం పని కావాలి. 2016లో పది లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసిన విశ్లేషణలో, రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవారికి ఉండే అదనపు ముప్పు తీరాలంటే రోజూ గంట నుంచి గంటంపావు చురుకైన నడకలాంటి శ్రమ కావలసి వచ్చింది. కొట్టు గల్లాపెట్టె ముందు, ఆఫీసు బల్ల ముందు కూర్చునేవారి మాట అది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన తర్వాత నరసరావుపేటలో అలాంటి బల్లలు మరీ పెరిగాయి.

అయినా శివరాత్రి తిరునాళ్లు ఒక సంగతి రుజువు చేస్తాయి. ఘాట్ రోడ్డు పడ్డాక కూడా కోటప్పకొండ మెట్లదారిలో ఆ రోజు ఏభై ఏళ్లు దాటిన ఆడవాళ్లు ఎక్కుతారు, ఆగుతారు, మళ్లీ ఎక్కుతారు. ఎవరూ వింతగా చూడరు, ఎక్కడికని అడగరు. వాళ్లకు కాళ్లున్నాయి, మనసుంది, ఆ రోజు దారీ ఉంది, కారణమూ ఉంది. మిగతా రోజుల్లో లేనివి ఆ చివరి రెండే. ఎవరి ఓపిక వాళ్లది, ఇంట్లోనే ఆసనాలు వేసుకోవచ్చు కదా అనేవాళ్లకు నా జవాబు ఇదే. ఆసనాలు మంచివే, కానీ నలుగురూ చేసే పని నాలుగు తరాలు నిలుస్తుంది, గదిలో ఒంటరిగా చేసేది నెలకే ఆగిపోతుంది. చెరువుకట్టలు, కాలువగట్లు, బడి ఆవరణలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కట్ట మీద ముళ్లకంప కొట్టించి, మట్టి చదును చేసి, నాలుగు దీపాలు పెట్టి, సాయంత్రం ఆడవాళ్లు పదిమంది కలిసి నడిచే వీలు కల్పించడం పంచాయతీ చేతిలో పని. పట్నంలో కాలిబాటను దుకాణాల సామాన్ల నుంచి విడిపించడం మునిసిపాలిటీ చేతిలో పని. వ్యాయామ యంత్రాలు తెచ్చి పార్కులో బిగించడం కంటే ఇవి చవక, ఎక్కువ మందికి అందేవి కూడా.

ఇది తొందరపడవలసిన పని. వరికి వచ్చినట్టే ఒకనాడు మిరపకూ పత్తికీ కోత యంత్రం రావచ్చు. వచ్చిన నాడు ఒంటికష్టం చివరిగా మిగిలిన ఆ ఆడవాళ్ల నుంచి కూడా దిగుతుంది, దాంతోపాటు వాళ్ల కూలీ పోతుంది. భూమి ఉన్న ఇళ్ల ఆడవాళ్లకు కష్టం దిగినప్పుడు కనీసం తిండికి కొరత రాలేదు, మందులకు డబ్బుంది. వీళ్లకు ఆ ఆధారం లేదు. మళ్లీ అదే వరుసలో, అదే తీరులో జరగకుండా ఉండాలంటే కూలి పోయే కుటుంబాలకు వేరే పని, ఆడవాళ్లందరికీ నడిచే దారి ఆ యంత్రం కంటే ముందే ఊళ్లోకి రావాలి.